మలేరియా తగ్గాక ఒక కంట్లో మసక.. రెటీనా దెబ్బతిందా?

ప్రశ్న: నా వయసు 34. పది రోజుల క్రితం వైవాక్స్ మలేరియా అన్నారు. మూడు రోజులు క్లోరోక్విన్ వేసుకున్నాను, ప్రైమాక్విన్ ఇంకా నడుస్తోంది. జ్వరం తగ్గింది కానీ నాలుగు రోజులుగా ఎడమ కంటితో చదువుతుంటే అక్షరాల మధ్యలో మసకగా ఉంటోంది. ఇది మలేరియా వల్లా, మాత్రల వల్లా?

జవాబు: మాత్రల వల్ల కాకపోవచ్చు. క్లోరోక్విన్ రెటీనాను (కంటి వెనక ఉండే, చూపును పట్టే పొర) దెబ్బతీస్తుందన్నది నిజమే కానీ, కీళ్లవాతం లాంటి జబ్బులకు ఏళ్ల తరబడి రోజూ వాడినవారిలో. మలేరియాకు ఇచ్చేది మూడు రోజుల్లో మొత్తం కలిపి కిలో బరువుకు 25 మిల్లీగ్రాములే. పైగా మందు ప్రభావమైతే మామూలుగా రెండు కళ్లలోనూ ఉంటుంది. ప్రైమాక్విన్‌ను మీ అంతట మీరు ఆపేయకండి. కోర్సు పూర్తికాకపోతే కాలేయంలో దాగిన పరాన్నజీవి మళ్లీ జ్వరం తెప్పిస్తుంది.

రెటీనాను ఎక్కువగా దెబ్బతీసేది ఫాల్సిపారం అనే మరో రకం మలేరియా, అదీ మెదడుకు ఎక్కినప్పుడు, ముఖ్యంగా పిల్లల్లో. పరాన్నజీవి దూరిన ఎర్ర రక్తకణాలు సన్నని నాళాల గోడలకు అతుక్కుని దారి మూసేస్తాయి. రక్తం అందని చోట రెటీనా తెల్లబడుతుంది. హిమోగ్లోబిన్‌ను పరాన్నజీవి తినేయడంతో ఎర్రటి నాళాలు నారింజ రంగులోకో తెలుపులోకో తిరుగుతాయి. మధ్యలో తెల్లచుక్కతో రక్తపు మరకలూ కనిపిస్తాయి. రెటీనా మెదడులో భాగంగానే పుడుతుంది కాబట్టి, కోమాలో ఉన్న పిల్లల్లో కారణం మలేరియానేనా అని తేల్చడానికి కంటి వెనక భాగం చూస్తారు. కోలుకున్నవారిలో ఈ మార్పులు చాలావరకు కొన్ని వారాల్లో పోతాయి.

మీది వైవాక్స్. ఇందులో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా, రక్తహీనత ముదిరినా రెటీనాలో రక్తం చిమ్మవచ్చు. అది సరిగ్గా మాక్యులా (రెటీనా మధ్యలో, చదవడానికి వాడే భాగం) మీద పడితే మీరు చెప్పిన మసకే వస్తుంది. కన్ను ఎర్రబడి, నీళ్లు కారుతూ, వెలుతురు చూడలేకపోతుంటే మాత్రం కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద హెర్పిస్ వైరస్ పుండును అనుమానించాలి. జ్వరం తర్వాత అది తిరగబెడుతుంది. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే ఆ పుండు పెరిగిపోతుంది.

కుడి కన్ను మూసుకుని గళ్ల కాగితం చూడండి. గీతలు వంకర్లు పోయినా, మధ్యలో మచ్చ కనిపించినా ఎక్కడో గుర్తు పెట్టుకోండి. ఒకటి రెండు రోజుల్లోనే ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ రిపోర్టులతో రెటీనా డాక్టర్‌ను కలవండి. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి అరగంట కూర్చోబెడతారు. తర్వాత కొన్ని గంటలు దగ్గరివి మసకగానే ఉంటాయి, బండి నడపకండి. అవసరమైతే రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ తీస్తారు. చిన్న మరకలైతే మందు లేకుండానే ఇంకిపోతాయి. ప్లేట్‌లెట్లు తక్కువుంటే ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ ముట్టుకోవద్దు.

చూపు ఉన్నట్టుండి పోయినా, నల్లటి తెర దిగినట్టున్నా, తలనొప్పి, వాంతులతో మగతగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.