పాలవెల్లికి మేకు అక్కర్లేదు

కోడలు పిల్లా,

మీ మేనత్త దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న ఫోనులో నువ్వన్న మాటలు తలుచుకుని మీ మావయ్యా నేనూ నవ్వుకున్నాం. ఇంటి ఓనర్లు గోడకి మేకు కొట్టనివ్వడం లేదనీ, వినాయకుడి పీట పైన కాయలు కట్టి వేలాడదీసే పాలవెల్లి లేకపోతే వినాయక చవితిలా ఉండదనీ, విసుగొచ్చి ప్లాస్టిక్ తోరణాలూ థర్మోకోల్ మండపమూ కొనేస్తాననీ అన్నావు కదా. కొనకు. ఫోనులో చెబితే సగం వదిలేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

పెళ్ళయిన కొత్తలో నేనూ ఉత్సాహం కొద్దీ అన్నీ ముందు రోజు సాయంత్రమే కట్టేశాను. గుమ్మానికి మందారాలు, పీటకి మల్లెదండ, చుట్టూ అరటాకులు. పొద్దున్న లేచేసరికి మందారాలు ముడుచుకుపోయాయి, మల్లెలు గోధుమరంగుకి తిరిగాయి, అరటాకులు చివర్లు మాడినట్టయ్యాయి. మా అత్తగారు ఒక్క మాటా అనకుండా పెరట్లోకి వెళ్ళి నాలుగు మామిడి కొమ్మలు విరుచుకొచ్చింది. అప్పటినుంచీ ఏది ఎన్ని గంటలు నిలుస్తుందో చూసుకుని, ఆ వరసలోనే కడుతున్నాను. పండగ పొద్దున్న ఉండ్రాళ్ళు చూసుకుంటావా, పూలు గుచ్చుకుంటావా?

ఈ ఏడు, అంటే 2026లో, చవితి సెప్టెంబరు 14, సోమవారం పడింది. శనాదివారాలు నీ చేతిలో ఉన్నాయి, అదృష్టవంతురాలివి.

శనివారం ఆకుపని పెట్టుకో. మామిడాకులు లేత ఎర్రాకులు కాకుండా ముదురు పచ్చవి తీసుకో. లేతవి గంటలో వాలిపోతాయి, ముదురువి రెండు మూడు రోజులున్నా రంగు మారవు. రెమ్మలతో సహా తెచ్చి బకెట్లో నీళ్ళు పోసి నిలబెట్టు. కోసిన చోట జీడి కారుతుంది, ఆ చేత్తో కళ్ళు తుడుచుకునేవు, జాగ్రత్త. ఆకులు తడిగుడ్డతో తుడిస్తే చాలు. మెరవడానికి కొబ్బరినూనె రాయమంటారు కొందరు. రాస్తే మెరుస్తాయి, హైదరాబాదు దుమ్మంతా పట్టుకుంటాయి కూడా. నేను రాయను.

తోరణం ఆదివారం మధ్యాహ్నం కట్టు. పురికొస గుమ్మం కన్నా మూరెడు పొడుగు తీసుకుని, రెండు కుర్చీల మధ్య బిగించు. ఒళ్ళో పెట్టుకుని కడితే వంకర పోతుంది. ఆకు తొడిమ వైపు రెండంగుళాలు తాడు మీదుగా వెనక్కి మడిచి, ఈనెపుల్ల ముక్కతో గుచ్చెయ్యి. ఈనెపుల్లలు ఎక్కడివంటావేమో, చీపురు విరగ్గొట్టకు. నేను పంపే కొబ్బరాకుల్లోంచి ఈనె చీలిస్తే బోలెడు వస్తాయి. స్టాప్లర్ వాడినా నేనేమీ అనుకోను, పండగయ్యాక పిన్నులు ఏరెయ్యి చాలు. మూడడుగుల గుమ్మానికి పదకొండు ఆకులు, వాటి మధ్య పది ముద్దబంతులు. అంతకన్నా ఇరికిస్తే ఆకులు ఒకదాని మీద ఒకటెక్కి గుంపులా కనిపిస్తాయి.

ఈనె తీసిన కొబ్బరాకు రిబ్బనులా అవుతుంది కదా. దాన్ని సున్నాలా మడిచి రెండు కొసలూ కలిపి పుల్ల గుచ్చు. అలాంటి సున్నాలు ఒకదాని కింద ఒకటి ఏడెనిమిది దారానికి కట్టి గుమ్మానికి అటూ ఇటూ వేలాడదీస్తే ఎంత బాగుంటుందో! పచ్చగా ఉండగా ఒక అందం, రెండో రోజు పసుపు తిరిగాక ఇంకో అందం. చిలకలూ బుట్టలూ అల్లడం పైసారి నువ్వొచ్చినప్పుడు నేర్పిస్తాను, అది రాసి చెప్పే పని కాదు.

ఇక పూల సంగతి. గుడిమల్కాపూర్ మార్కెట్టు మీకు ఎంత దూరమో నాకు తెలియదు గానీ, వీలైతే ఆదివారం తెల్లవారుజామునే వెళ్ళు. మా కడియపులంక మార్కెట్టులాగే అక్కడా కిలోల్లెక్కన దొరుకుతాయి, వీధి చివర మూరలెక్కన కొనడం కన్నా నయం. బంతిపూలు కిలో, చేమంతులు అరకిలో, అంతే. ఎక్కువ కొంటే గుచ్చలేక మూలన పడేస్తావు, నాకు తెలుసు నీ సంగతి. అది వానాకాలం, సంచిలో పూలు తడిసి ఉంటాయి. తెచ్చిన వెంటనే పాత పేపరు మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టు. తడితో కవర్లో మూట కట్టేసి ఫ్రిజ్జులో పెడితే పైకి బాగున్నట్టే ఉంటాయి గానీ, లోపల రేకలు నల్లబడి వాసనొస్తుంది. బంతి, చేమంతి ఆదివారం రాత్రే గుచ్చుకోవచ్చు. సూది తొడిమ నడి మధ్య నుంచి పోనిచ్చి పువ్వు మొహంలోంచి తియ్యి. పక్కనుంచి గుచ్చితే తెల్లారేసరికి పువ్వు తల వాల్చేస్తుంది. మల్లె, మందారం, నందివర్ధనం మాత్రం పొద్దున్నే.

ఇప్పుడు పాలవెల్లి. బజారులో చెక్కవి అమ్ముతారు గానీ ఇంట్లో కట్టుకోవడం గంట పని. రెండడుగుల వెదురుబద్దలు ఎనిమిది కావాలి. సన్నవి చాలు. నాలుగు నిలువు, నాలుగు అడ్డం పేర్చితే తొమ్మిది గళ్ళు పడతాయి. పదహారు కూడళ్ళలోనూ దారం ఇంటూ గుర్తులా తిప్పి బిగించు. బద్దలకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టు. నాలుగు మూలల నుంచి నాలుగు తాళ్ళు సమానంగా తీసి పైన ఒకే ముడి వెయ్యి. మా నాయనమ్మ పాలవెల్లిని ఆకాశం అనేది, కాయలన్నీ చుక్కలట. అందుకని గుత్తులుగా కట్టనిచ్చేది కాదు. గడికొక్కటి వేలాడాలి.

పొట్టు వెనక్కి వలిచిన మొక్కజొన్న పొత్తులు నాలుగు మూలలకీ కట్టు. తరవాత బత్తాయి, జామ, చిన్న దానిమ్మ. ఒక పక్క ఏది కడితే ఎదురు పక్క దాదాపు అదే బరువుది కట్టాలి. ఓ ఏడు మీ మావయ్య ఒక మూలకే రెండు వెలక్కాయలు కట్టారు. పాలవెల్లి ఒరిగి, అందులో ఒకటి జారి సరిగ్గా ఉండ్రాళ్ళ గిన్నెలో పడింది. స్వామి చెయ్యి చాపాడని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటారు. తొడిమ ఉన్న కాయలైతే ముడి నిలుస్తుంది. తొడిమ ఊడిన వాటికి కింద రెండు దారాలు అడ్డంగా పట్టి చిన్న ఉట్టిలా కట్టాలి. పొత్తులు, కాయలు కలిపి పదమూడుకి మించనివ్వకు. నీకున్న ఇబ్బంది బరువే.

మేకు లేకుండా ఎక్కడ కట్టాలంటావా. హాల్లో ఉయ్యాల కొక్కెం ఉందేమో పైకి చూడు, చాలా ఫ్లాట్లలో ఉంటుంది. లేకపోతే పీట కిటికీ దగ్గరికి జరిపి కర్టెన్ రాడ్డుకి కట్టు. ముందు రాడ్డు చేత్తో లాగి చూడు, ఊగితే ఒద్దు. అదీ కుదరకపోతే బట్టలారేసే స్టాండు నిలబెట్టి, దానికి మామిడి రెమ్మలు చుట్టేసి, పీట దాని కింద పెట్టెయ్యి. చుట్టాలెవరూ పోల్చుకోలేరు. ఫ్యానుకి మాత్రం కట్టొద్దు. ఎవరో ఒకరు ఉక్కగా ఉందని అలవాటుగా స్విచ్ వేస్తారు, ఆ తరవాత కాయలన్నీ గోడలకే.

అరటి పిలకలు గుమ్మానికి రెండు పెట్టాలనుంటే సోమవారం పొద్దున్నే తెచ్చుకుని, ఇసుక బకెట్లో నాటి నీళ్ళు పొయ్యి. పట్టుచీర కట్టుకోక ముందే ఆ పని కానిచ్చుకో. అరటి మరక ఎన్ని ఉతుకులుతికినా పోదు, నా గద్వాల చీర చెంగు నీకు చూపించాను కదా.

పత్రి గురించి ఒక్కటే మాట. ఇరవై ఒకటీ దొరకలేదని దిగులు పడకు, గరిక, మారేడు, జమ్మి, ఉత్తరేణి, మామిడి, తులసి, మీ బాల్కనీలో దానిమ్మ, మరువం, ఇలా దొరికినవాటితో మా ఇంట్లోనూ చాలాసార్లు గడిచింది. కానీ పత్రి కట్టలో ఉమ్మెత్త, గన్నేరు వస్తాయి. రెండూ విషమే. జిల్లేడు పాలు కంటికి మంచివి కావు. బుడ్డోడు చేతికందింది నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి ఆ మూడూ వేరే పళ్ళెంలో ఎత్తుగా ఉంచి, పూజలో వేశాక తిరిగి ఎత్తులోనే పెట్టు. అలంకరణకి గన్నేరు పూలు అసలు వాడకు.

తెగిపోయిన పూలు, విడి రేకలు మిగులుతాయి కదా. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో తేలెయ్యి, మధ్యలో నందివర్ధనాలు, అంచుల్లో బంతి రేకలు. నీళ్ళు రోజూ మార్చు, దోమలకి పండగ పెట్టకు. మట్టి వినాయకుణ్ణి బకెట్లో కలిపాక ఆ మట్టి, వాడిన బంతులు ఒకే కుండీలో వేసి ఉంచు. ఎండిన బంతి రేకల కింద నల్లటి గింజలుంటాయి. అన్నీ కాకపోయినా కొన్ని మొలుస్తాయి.

కొబ్బరాకులు, వెదురుబద్దలు, నాలుగు వెలక్కాయలు శుక్రవారం బస్సు పార్సెల్లో వేయిస్తాను. మీ మావయ్య మామిడాకులు కూడా పంపుతానంటున్నారు, వద్దన్నాను, దార్లో వేడెక్కిపోతాయి. నీ గుమ్మం వెడల్పు ఎంతో టేపు పెట్టి కొలిచి చెప్పు. జానలతో కొలిచి చెప్పకు. మీ ఆయన జాన ఒకటి, నీ జాన ఒకటి. కిందటేడు అలాగే చెప్పి నాచేత అల్లించుకున్న కొబ్బరాకు దండ గుమ్మానికి జానెడు చాలక కిటికీకి కట్టుకున్నారు.

ఇట్లు,
మీ మేనత్త