కుక్కపిల్లను తెచ్చాను, మా ఆయన మాట్లాడటం మానేశారు

ప్రశ్న: రెండు వారాల కిందట రోడ్డు పక్కన కాలికి దెబ్బ తగిలి మూలుగుతున్న కుక్కపిల్ల కనిపిస్తే ఇంటికి తెచ్చాను. అప్పటి నుంచి మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అది హాల్లోకి వస్తే చాలు, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటారు. ‘అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి’ అంటున్నారు. అత్తయ్యదీ అదే మాట. మా నాలుగేళ్ల పాప మాత్రం దాన్ని వదలడం లేదు. మూగజీవి మీద జాలి లేని మనిషితో ఎలా బతకాలి?

జవాబు: దెబ్బ తిన్న ప్రాణిని చూసి మీ దారిన మీరు వెళ్లిపోలేదు. మంచి పని చేశారమ్మా. అందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదు.

అయితే దాన్ని కాపాడటం ఒక నిర్ణయం, పెంచుకోవడం మరో నిర్ణయం. మొదటిదానికి ఎవరినీ అడిగే వ్యవధి లేదు. రెండోది అలా కాదు. కుక్క పది, పదిహేనేళ్లు బతుకుతుంది. అన్నేళ్లు ఇంట్లో ఉండబోయే ప్రాణి గురించి తనను ఒక్క మాట కూడా అడగలేదని మీ ఆయన బాధపడుతుండొచ్చు. ‘అదో నేనో’ అని బెదిరించడం మాత్రం తప్పే. ఆ మాట నొప్పించిందని ఆయనకు నెమ్మదిగా చెప్పండి.

మీరు రాసినదాంట్లో నాకు ముఖ్యంగా అనిపించింది ఆయన కాళ్లు పైకి పెట్టుకోవడం. జాలి లేని మనిషి కుక్కను కసురుకుంటాడు, తరిమేస్తాడు. కాళ్లు పైకి పెట్టుకునేది భయపడే మనిషి. ‘నాకు భయం’ అని భార్య ముందు, తల్లి ముందు చెప్పుకోలేక చాలామంది మగవాళ్లు దాన్ని కోపంగా చూపిస్తారు. అత్తయ్య, పాప లేనప్పుడు అడిగి చూడండి: ‘చిన్నప్పుడు కుక్కతో ఏమైనా జరిగిందా?’ చెప్పడం మొదలుపెడితే మధ్యలో అడ్డుపడకండి. ‘ఇది చిన్నపిల్లే కదా, ఏం చేస్తుంది’ అని కొట్టిపారేయకండి. అలవాటు చేద్దామని దాన్ని ఆయన ఒళ్లో పెట్టే ప్రయత్నం అసలే వద్దు.

పైగా ఆయన భయంలో న్యాయం కూడా ఉంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కానీ కరిచిన వెంటనే సరైన చికిత్స, టీకాలు తీసుకుంటే దాన్ని ఆపవచ్చు. ఈ రెండు వారాల్లో ఆ పిల్ల ఎవరినైనా కొరికినా, గీరినా, పుండు మీద నాకినా ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లండి. చిన్న గీతే కదా అని వదిలేయొద్దు. ఇక ముందు అలా జరిగితే వెంటనే సబ్బు, ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆపైన ఆసుపత్రికి వెళ్లాలి.

పాప విషయంలో ఇంకా జాగ్రత్త. నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా, దెబ్బ తగిలిన చోట చెయ్యి పడితే కరుస్తుంది. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పాపను దగ్గరికి పోనివ్వకండి. ఇద్దరినీ ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలొద్దు. కుక్కపిల్లల కడుపులో ఉండే నులిపురుగులు పిల్లలకు అంటుకోవచ్చు కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడిగించండి. మరో మాట: మూలుగుతోంది పాపం అని మనం వేసుకునే నొప్పి మాత్రలు దానికి వేయకండి. వాటిలో కొన్ని కుక్కలకు విషంతో సమానం.

ఇంకా చూపించకపోతే పశువుల డాక్టరుకు వెంటనే చూపించండి. కాలికి కట్టు, పురుగుల మందు, వయసును బట్టి వేయాల్సిన టీకాలు ఆయనే చెబుతారు. వీలైతే మీ ఆయన్నీ తీసుకెళ్లండి. మీతో మాట్లాడితే గొడవయ్యే విషయాలు డాక్టరును ఆయన ప్రశాంతంగా అడగగలరు.

ఆ తర్వాత ఒక గడువు పెట్టుకోండి. కాలు మానేదాకా ఇక్కడే ఉంటుంది, దాని చోటు దాటి రాదు, తిండి, శుభ్రం అన్నీ మీవే, ఆయన దాన్ని ముట్టుకోనక్కర్లేదు. అత్తయ్య అభ్యంతరం బహుశా ఇల్లు కడుక్కునే పని తన మీద పడుతుందనేమో. అదీ దీంతో తేలిపోతుంది.

గడువయ్యాక కూడా ఆయన వద్దంటే, మంచి ఇల్లు వెతికి ఇవ్వండి. అదీ కాపాడటమే. తెచ్చిన చోటే వదిలేయడం మాత్రం వద్దు. ఇళ్లలో అలవాటుపడిన పిల్ల రోడ్డు మీద నెగ్గుకు రాలేదు. తీసుకుంటామన్నవాళ్ల ఇంటికి మీరే వెళ్లి చూడండి. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడగండి. పాపతో ‘పారిపోయింది’ అని అబద్ధం చెప్పకండి. ఎవరింటికి వెళ్తోందో ముందే చెప్పి, తనతోనే సాగనంపించండి.

‘జాలి లేని మనిషి’ అన్న మాట ఆయన మొహం మీదే అనేసి ఉంటే, ఇవన్నీ మాట్లాడే ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి. కుక్క సంగతి ఆ తర్వాతే ఎత్తండి.