బోటు ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతే ముందు దేనిని అనుమానించాలి?

గండికోట జలాశయంలో తిప్పే మీ బోటు డీజిల్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సరైన ప్రెషర్ చూపి, వేడెక్కి ఐడిలింగ్‌కు (లోడు లేకుండా నెమ్మదిగా తిరిగే స్థితికి) రాగానే ముల్లు పడిపోతోందన్నారు. వేడికి ఆయిల్ పలచబడుతుంది కనుక కొంత తగ్గుదల సహజమే. 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ (ప్రెషర్ కొలమానం) అన్నది మెకానిక్‌ల మోటు లెక్క. మాన్యువల్‌లోని అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి.

ముందుగా ఇంజన్ ఆపి, బోటు నీటిపై సమంగా తేలుతుండగా డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడండి. మట్టం తగ్గితే ఆయిల్ కారుతోంది లేదా కాలుతోంది; పెరిగి డీజిల్ వాసన వస్తే ఇంధనం కలుస్తోంది; పాలలా తెల్లబడితే నీరు చేరింది.

ఆయిల్ బాగుంటే ఇంజన్ విప్పే ఖర్చుకు అప్పుడే దిగకండి. సెండర్ (ప్రెషర్‌ను గ్రహించి వైరు ద్వారా గేజ్‌కు పంపే భాగం) తీసి, ఆ రంధ్రానికే మెకానికల్ గేజ్ (వైర్లు లేకుండా నేరుగా ప్రెషర్ చూపేది) బిగించి, ఇంజన్ వేడెక్కాక కొలవండి. బోట్లలో సెండర్, దాని వైర్లు తేమకు తుప్పుపట్టి తప్పుడు రీడింగ్ ఇవ్వడం పరిపాటి. రెండుచోట్ల గేజ్‌లున్న బోటుకు ఒక్క గేజ్‌కు సరిపడే సెండర్ వేసినా రీడింగ్ తప్పుతుంది.

మెకానికల్ గేజ్‌లోనూ తక్కువే వస్తే ఇంజన్ నడపవద్దు. ఆయిల్ గ్రేడు, ఫిల్టర్, రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేది), సంప్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) జల్లెడ చూశాకే పంపు, బేరింగుల అరుగుదలను పరీక్షించాలి. ఆయిల్ సరైనదే అయి, వేడి ఐడిలింగ్‌లోనే పడిపోతుంటే నా అనుమానం బేరింగుల మీదే.