ఫైర్‌మన్ పోస్టు పెట్టుకునే ముందు ఒకసారి స్టేషన్‌కు వెళ్లి చూడు

"ఇంటర్ అయిపోయింది అన్నా, మా టౌన్ ఫైర్ స్టేషన్‌లోనే ఫైర్‌మన్‌గా చేరాలని ఉంది. అక్కడి ఆఫీసర్‌ను కలిస్తే పనవుతుందా?" అని అడిగావు. కాదు తమ్ముడూ. ఏ స్టేషన్ ఆఫీసర్ చేతిలోనూ ఈ ఉద్యోగం లేదు. తెలంగాణలో అయినా ఆంధ్రలో అయినా ఫైర్‌మన్ పోస్టులు నింపేది పోలీసు నియామక బోర్డే. మా తెలంగాణలో కానిస్టేబుల్ నోటిఫికేషన్‌తో కలిపే వేస్తారు. 2022లో అలా వచ్చినవి 610. ముందు ప్రిలిమ్స్ రాతపరీక్ష, ఆ తర్వాత గ్రౌండ్ అంటే పరుగు, జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు, చివరికి మెయిన్స్ రాతపరీక్ష. ఆ ఏడాది మగవాళ్లకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలని, లాంగ్ జంప్ 4 మీటర్లని, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు వేయాలని పెట్టారు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు. మళ్లీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు రూల్స్ మొత్తం నువ్వే చదువుకో, పక్కవాడి మాట మీద ఆధారపడకు. మధ్యలో ఎవడైనా "నాకు పైన మనుషులున్నారు, ఇంత ఇస్తే పోస్టు గ్యారంటీ" అంటే నమ్మకు. అలా పొలం అమ్మి ఇచ్చిన కుటుంబం మా మండలంలోనే ఉంది. డబ్బూ రాలేదు, ఉద్యోగమూ రాలేదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. అప్లికేషన్‌లో పోస్టులకు ప్రిఫరెన్స్ అడుగుతారు. నేను చదువుకున్న కోచింగ్ సెంటర్‌లో దీన్ని ఎలా చెప్పేవాళ్లంటే, ముందు సివిల్ పోలీసు పెట్టు, తర్వాత ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసు) పెట్టు, ఏదీ రాకపోతే ఎలాగూ ఫైర్ ఉంటుంది కదా అని. అది విన్నప్పుడల్లా నాకు కడుపు మండేది, ఇప్పటికీ మండుతుంది. ఏదీ రాని వాడికి ఇచ్చే ఉద్యోగం కాదిది. మనసు లేకుండా వచ్చినవాడు మొదటి వేసవికే ట్రాన్స్‌ఫర్ కోసం తిరుగుతాడు. వాడి పక్కన హోస్ (నీళ్ల పైపు) పట్టుకున్నవాడి ప్రాణానికి కూడా ముప్పే.

నేను ఫైర్‌మన్‌గా ట్రైనింగ్ పూర్తయి పోస్టింగ్‌కు వచ్చిన కొత్తలో మాకు ఒక జిన్నింగ్ మిల్లు నుంచి కాల్ వచ్చింది. పత్తి సీజన్ మంచి ఊపులో ఉంది, యార్డు నిండా పత్తి కుప్పలే. మేం వెళ్లేసరికి పెద్ద మంటలేమీ లేవు. ఒక కుప్ప మీద అక్కడక్కడ నల్లగా మాడి ఉంది, పొగ వస్తోంది, అంతే. ఇంతేనా అనిపించింది. మా జట్టును నడిపించే లీడింగ్ ఫైర్‌మన్ అన్న మాత్రం బండి దిగుతూనే "ఈ రాత్రి ఇక్కడే" అన్నాడు. పత్తిలో నిప్పు పిడకలో నిప్పు లాంటిది, పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తొలుచుకుంటూ పోతుంది. పైన ఎంత నీళ్లు కొట్టినా తడిసిన పొర మీది నుంచే జారిపోతాయి. కుప్పను విప్పాలి, విప్పిన చోటల్లా గాలి తగిలి భగ్గుమంటుంది, అక్కడ కొట్టాలి, మళ్లీ విప్పాలి.

బ్రాంచ్, అంటే హోస్ చివర నీళ్లు చిమ్మే గొట్టం, నా చేతికిచ్చారు. పంపు ప్రెషర్ ఎక్కగానే హోస్ వెనక్కి తన్నింది, చేతులతో ఆపుదామంటే ఆగదు. వెనక నుంచి అన్న నా నడుము దగ్గర హోస్ అదిమి పట్టి "భుజం కిందికి దించు, కాలు ముందుకెయ్యి, ఏమైనా సరే బ్రాంచ్ ఇడ్వకు" అని చెవి దగ్గర అరిచాడు. మా బండిలో ఉండేది 4500 లీటర్లు. గట్టిగా కొడితే పది నిమిషాల ముచ్చట. అందుకే మా డ్రైవర్ ఆపరేటర్ ఒక కన్ను గేజ్ మీద, ఒక కన్ను గేటు మీద పెట్టి, నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు. మిల్లు హమాలీలు కొక్కేలతో తడిసిన పత్తిని లాగి పక్కకు పోస్తున్నారు. వాళ్లు లేకపోతే ఆ రాత్రి మా వల్ల అయ్యేది కాదు, ఈ మాట ఎక్కడైనా చెప్తాను. నూగు ముక్కులో, గొంతులో పేరుకుపోయింది. తెల్లవారేసరికి నా వేళ్లు విప్పితే విచ్చుకోలేదు, అట్లాగే బ్రాంచ్ పట్టుకున్న ఆకారంలో వంగి ఉండిపోయాయి. ఆ కుప్ప మొత్తం పోయింది. పక్కనున్న గోదాం, బేళ్లు, మెషీన్ షెడ్డు మిగిలాయి.

బయట జనం మాత్రం ఒకటే మాట, "అంతా కాలినంక వచ్చిండ్రు" అని. మిల్లుకు వెళ్లే సందులో రెండు వైపులా బండ్లు పెట్టి, సెల్ ఫోన్లతో వీడియో తీస్తూ నిలబడ్డది వాళ్లే. హారన్ కొట్టినా జరగలేదు. ఇది ప్రతి ఊళ్లో ఉన్న బాధే. 101కి ఫోన్ చేసి ఆట పట్టించేవాళ్ల సంగతి చెప్పాలంటే ఇంకో జవాబు రాయాలి.

ఆ రాత్రి నా 1600 మీటర్ల టైమింగ్‌తో ఎవరికీ పని పడలేదు. పరుగు ఉద్యోగం లోపలికి రావడానికే. లోపల కావలసింది పట్టు, ఓపిక, ఇంకొకడి మాట వినే గుణం. అందుకే ఉత్త రన్నింగ్ మీదే పడకుండా చేతులకు, నడుముకు బలం వచ్చే పని చెయ్యి. పొలం పని ఉంటే మానకు. బస్తా మోసే అలవాటున్న కుర్రాళ్లు ట్రైనింగ్‌లో జిమ్ కండలవాళ్లకన్నా బాగా నిలబడ్డారు, నేను కళ్లారా చూశాను. వట్టినాగులపల్లిలోని మా ఫైర్ ట్రైనింగ్ సెంటర్‌లో మనిషిని భుజాన వేసుకుని నిచ్చెన దిగమంటారు, అప్పుడు తెలుస్తుంది ఎవరి బలం ఎంతో.

ఇంకొకటి, పొగ. అందరూ మంటనే ఊహించుకుంటారు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చనిపోయిన ఆరుగురు యువతీయువకుల ప్రాణం తీసింది పొగే. అలాంటి చోటికి వీపున సిలిండర్, మొహానికి మాస్క్ వేసుకుని, కళ్లకు ఏమీ కనపడకుండా, గోడ తడుముకుంటూ వెళ్లాలి. మూసిన చోట నీకు ఊపిరాడనట్టు అనిపిస్తుందా, ఎత్తుకు ఎక్కితే కళ్లు తిరుగుతాయా అన్నది ఇప్పుడే చూసుకో. కంటి పరీక్ష కూడా ముందే చేయించుకో. రంగులు సరిగా గుర్తుపట్టలేని సమస్య ఉంటే మెడికల్‌లో ఆగిపోతారు. అన్నీ పాసై అక్కడ వెనక్కి వచ్చిన కుర్రాడి బాధ చూడలేం.

ఇంకో మాట, సెలెక్ట్ అయినా సొంత టౌన్‌లోనే పోస్టింగ్ వస్తుందని లెక్కలు వేసుకోకు. ఖాళీ ఎక్కడుంటే అక్కడికి పంపుతారు. పండగలకు ఇంట్లో ఉంటానని అనుకోకు, దీపావళి రాత్రి మాకు అసలు డ్యూటీ.

ఆఫీసర్‌ను కలవాలన్న నీ ఆలోచన మాత్రం మంచిదే, ఉద్యోగం అడగడానికి కాకుండా పని చూడటానికి వెళ్లు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే తారీఖున బొంబాయి డాక్‌లో ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు, వాళ్లను తలుచుకుంటూ చేసేవి అవి. ఆ వారంలో జనానికి డ్రిల్లులు చూపిస్తారు, బండి దగ్గరికి రానిస్తారు. మామూలు రోజుల్లో అయితే పొద్దున డ్రిల్ టైమ్‌కు వెళ్లి, లీడింగ్ ఫైర్‌మన్‌కు నమస్తే పెట్టి, ఫలానా పోస్టుకు ప్రిపేర్ అవుతున్నానని చెప్పు. మా స్టేషన్‌కు అలా వచ్చినవాళ్లకు తడి హోస్ ఇచ్చి చుట్టమంటాం. అది చుట్టి, భుజాన వేసుకుని, బండి దాకా మోసి చూశాక ప్రిఫరెన్స్‌లో ఫైర్‌మన్‌ను ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకో.