నెలకు 1,180 కట్టే నెట్ మానేసి 499 ప్లాన్‌కి మారొచ్చా? మేం మారాం, ఇదీ సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. హైదరాబాద్ ఉప్పల్‌లో సొంతిల్లు, నెలకు దాదాపు 1,180 నెట్ బిల్లు, పాత ప్లాన్ ఈ నెల 28 దాకా ఉంది. వేరే కంపెనీ అబ్బాయి గుమ్మం దాకా వచ్చి 40 ఎంబీపీఎస్ స్పీడు 499కే ఇస్తానంటున్నాడు. ఇంట్లో ఇద్దరికి వర్క్ ఫ్రం హోం, నాన్నగారికి టీవీ, గేటు దగ్గర సీసీ కెమెరా. మారితే తర్వాత తిప్పలు పడతామా అని అడిగారు.

మారొచ్చండి. మాది నాచారం, మేం పోయిన ఏడాది దసరా అయ్యాక సరిగ్గా ఇదే పని చేశాం. కాకపోతే ముందు చేయాల్సినవి వెనకా, వెనక చేయాల్సినవి ముందూ చేశాను. మీరలా చేయకూడదనే ఇంత రాస్తున్నాను.

ముందు డబ్బు లెక్క. 499 అనేది పాంఫ్లెట్ మీది అంకె. దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 588.82 అవుతుంది. మేం అప్పట్లో కట్టేది 999 ప్లాన్, పన్నుతో 1,178.82. అంటే నెలకు 590 మిగులు, ఏడాదికి 7,080. మా అత్తయ్య వింటూనే "ఏడు గ్యాస్ బండలొస్తాయి కదమ్మా" అంది. ఆ మాటతో ఇంట్లో ఇక చర్చే లేదు. అయితే ఆ అబ్బాయి చివర్లో మెల్లగా చెప్పేది ఒకటుంటుంది: ఆరు నెలలది ఒకేసారి కడితేనే ఫిట్టింగ్ ఉచితం. అంటే చేతిలోంచి ముందే 3,533 పోతుంది. మేం ఆశపడి కట్టేశాం. మా అదృష్టం బాగుండి లైన్ బాగానే పనిచేసింది కానీ, లేకపోతే ఆ డబ్బు ఇరుక్కుపోయేది. ఫిట్టింగ్‌కి కొంత అడిగినా సరే, మొదట తక్కువ నెలలకే కట్టండి. గడువయ్యాక కూడా 499కే ఇస్తారా అన్నది మాటల్లో కాదు, వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇక నేను చేసిన అసలు పొరపాటు. మా వెనక గదిలో మీటింగులు ఆగిపోతున్నాయని, కంపెనీ మారడానికి రెండేళ్ల ముందు 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 200కి పెంచాను. అయినా అక్కడ స్పీడ్ టెస్ట్ చేస్తే 28, 30 దగ్గరే ఆడేది. కంపెనీని తిట్టుకుంటూ కాలం గడిపాను. కొత్త లైన్ వేయడానికొచ్చిన తమ్ముడు ఊరికే చూద్దామని పాత పెట్టె (బయటి వైరు వచ్చి చేరే మోడెం) నుంచి మా రౌటర్‌కి వెళ్లే ల్యాన్ వైరు ఊడదీసి, నా లాప్‌టాప్‌కి పెట్టాడు. 94 వచ్చింది. ఆ వైరు తల పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూపించాడు. లోపల ఎనిమిది సన్న పోగులుండాలి. మాదాంట్లో నాలుగే బిగించి, మిగతా నాలుగూ కోసేసి ఉన్నాయి. "అక్కా, మీరు రెండొందలకి కడుతున్నరు, ఈ వైరు వంద దాటనియ్యదు" అన్నాడు. నాలుగు పోగులతో 100కి మించి పోదట. దానికి తోడు మా రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ ఒక్కటే ఇచ్చే పాతది. చుట్టూ పది ఇళ్ల వైఫైలు దాని మీదే నడుస్తాయి, మధ్యలో రెండు గోడలు కూడానాయె. ఇంట్లోకి రాని స్పీడుకి రెండేళ్లు డబ్బు కట్టామన్నమాట!

అందుకని ఎవరికీ ఫోన్ చేయకముందే, ఈ రోజే, లాప్‌టాప్‌ని వైరుతో పెట్టెకి కలిపి స్పీడ్ చూడండి. వైరుతో నిండుగా వచ్చి గదిలో రాకపోతే తప్పు మీ వైఫైది. కంపెనీ మారినా ఆ జబ్బు ఇంట్లోనే ఉంటుంది.

40 ఎంబీపీఎస్ సరిపోతుందా అన్నారు. ఒక వీడియో మీటింగ్ మూడు నాలుగు ఎంబీపీఎస్ తీసుకుంటుంది. 4కే సినిమాకి 15 దాకా చాలు. మీ ఇద్దరి మీటింగులూ, నాన్నగారి టీవీ, కెమెరా అన్నీ ఒకేసారి నడిచినా 30 దాటదు. తేడా తెలిసేది పెద్ద ఫైళ్లు దింపుకునేటప్పుడే. రెండు జీబీ ఫైల్‌కి మాకు ఇప్పుడు ఏడు నిమిషాలు పడుతోంది. నేను ఆ టైంలో టీ పెట్టుకుంటాను. మీరు రోజూ ఆఫీసుకి పెద్ద ఫైళ్లు పంపేవాళ్లయితే అప్‌లోడ్ ఎంతో విడిగా అడగండి, కొందరు 40 అని డౌన్‌లోడ్ ఒక్కటే చెబుతారు. డేటా గురించి బెంగ వద్దు. ఈ ప్లాన్లకి మామూలుగా నెలకు 3,300 జీబీ ఇస్తారు, మా ఇంటిల్లిపాది కలిపి 400 కూడా వాడం. మీదెంతో పాత కంపెనీ యాప్‌లోనే కనబడుతుంది.

పాత కంపెనీని కూడా ఒకసారి అడగాల్సిందని తర్వాత తెలిసింది. యాప్‌లో చిన్న ప్లాన్ కనబడలేదని నేను వదిలేశాను. తీరా లైన్ ఆపేయమని రిక్వెస్ట్ పెట్టాక, మూడో రోజు వాళ్లే ఫోన్ చేసి 599కి ఇస్తామన్నారు. అప్పటికే కొత్త వైరు మా పిట్టగోడ ఎక్కేసింది.

అయినా మారినందుకు నాకు విచారం లేదు, కారణం ధర కాదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాయి గుర్తుందా? ఆ తర్వాత నగరంలో చాలాచోట్ల స్తంభాల మీది కేబుళ్లన్నీ కోసేశారు. మా గల్లీలో అందరి నెట్టూ ఒకేసారి పోయింది. ఒక కంపెనీ కుర్రాళ్లు మూడో రోజుకల్లా గోడల వెంట కొత్త వైరు లాగేశారు, మేం తర్వాత మారింది వాళ్లకే. మా కంపెనీ వాళ్లు వచ్చింది తొమ్మిదో రోజు. ఈలోపు నేను ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని మెట్ల మీద కూర్చుని మీటింగులు చేశాను. కంపెనీ పేరు చూసి మోసపోవద్దు, మీ గల్లీకి వచ్చే లైన్‌మ్యాన్ ఎవరో చూడండి. ఒకే కంపెనీ ఒక వీధిలో బంగారం, పక్క వీధిలో తుప్పు. నేను మా సందు చివర జిరాక్స్ షాపాయన్ని అడిగాను. నెట్ పోతే ఆయనకి ఆ పూట బేరం పోతుంది కాబట్టి ఎవరు ఎన్ని గంటల్లో వస్తారో నోటి మీదే ఉంది.

ఇంకోటి, ఇంట్లోకి ఫైబర్ వైరే వస్తుందా, డాబా మీది నెట్‌వర్క్ స్విచ్ (నెట్‌ని ఇళ్లకి పంచే పెట్టె) నుంచి ల్యాన్ వైరు లాగుతారా కనుక్కోండి. ఆ స్విచ్‌కి కరెంటు కావాలి. అక్కడ కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా లాభం లేదు.

ఫిట్టింగ్ రోజు దగ్గరుండండి. వాళ్ల దగ్గర చిన్న మీటర్ ఉంటుంది, ఫైబర్ వైరులో వెలుతురు ఎంత బలంగా వస్తుందో చూపిస్తుంది. మాకు మైనస్ 19 వచ్చింది. "మంచిగనే ఉంది అక్కా, 27 దాటితే లొల్లి" అన్నాడు. ఆ అంకెని ఫోటో తీసి పెట్టుకున్నాను. గోడ దగ్గర రెండు మూడు మీటర్ల వైరు చుట్ట చుట్టి వదిలేయమనండి. మూడో వారంలో కోతులు మా పిట్టగోడ మీది వైరు పీకి పారేశాయి, పెట్టె మీద ఎర్ర లైటు కొట్టుకుంటోంది. ఆ చుట్ట ఉండబట్టి మర్నాడు మధ్యాహ్నానికే లైన్‌మ్యాన్ తెగినచోట కోసి అతికించి పోయాడు.

పాతది ఆపాక కొత్త రౌటర్‌కి పాత వైఫై పేరూ, పాత పాస్‌వర్డూ పెట్టండి. టీవీ, కెమెరా, ఫోన్లు వాటంతటవే కలిసిపోతాయి. నాన్నగారికి ఏదో మారిందని కూడా తెలియదు. కెమెరా ఫోన్ యాప్‌లో చూసుకునేదైతే ఇబ్బంది ఉండదు. డీవీఆర్‌కి (కెమెరా వీడియోలు రికార్డు చేసే పెట్టె) స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పటికీ మారని నెట్ అడ్రసు, పెట్టించుకుని ఉంటే మాత్రం కొత్తవాళ్లని ముందే అడగండి. పాత కనెక్షన్‌తో ల్యాండ్‌లైన్ నెంబరు ఉంటే దాన్ని మర్చిపోండి. మొబైల్‌కి ఉన్న పోర్టింగ్ ఇంటి నెట్‌కి లేదు.

పాత పెట్టె తీసుకెళ్లేటప్పుడు, సీరియల్ నెంబరు కనబడేలా పెట్టెతో సహా ఆ అబ్బాయి రాసిచ్చిన రసీదు ఫోటో తీయండి. నాకు రెండు నెలలు "పెట్టె అప్పగించలేదు, డబ్బు కట్టండి" అని మెసేజీలొచ్చాయి. ఫోన్లో ఎంత చెప్పినా వినలేదు. డాకెట్ నెంబరు (ఫిర్యాదు నెంబరు) తీసుకుని, అదే నెంబరుతో కంపెనీ అప్పిలేట్ అథారిటీకి, అంటే ఫిర్యాదులు చూసే పైవాళ్లకి, ఆ ఫోటో మెయిల్ పెట్టాకే ఆగాయి.

మీకు 28 దాకా గడువుంది కాబట్టి 15, 18 తేదీల మధ్య కొత్తది పెట్టించుకుని పది రోజులు రెండూ నడపండి. సాయంత్రం ఏడు నుంచి పది మధ్య ఎలా ఉందో చూశాకే పాతదాన్ని ఆపండి. ఈలోపు ల్యాన్ వైరు టెస్ట్‌లో ఎంత వచ్చిందో చెప్పండి. 94, 95 దగ్గర ఆగిపోతే వైరు తల వెలుతురుకి పెట్టి పోగులు లెక్కపెట్టండి.