నంబరు వచ్చింది, లోడు ఎత్తొచ్చా?

ప్రశ్న: అక్కా, నాలుగేళ్లు కంపెనీ ట్రక్కు నడిపాక ఈమధ్యే సొంతంగా సెమీ, అంటే ట్రైలరు లాగే పెద్ద ట్రక్కు కొన్నాను. డల్లాస్‌లో ఎల్‌ఎల్‌సీ కంపెనీ పెట్టి, ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే యూఎస్‌డాట్ నంబరు తీసుకున్నాను. హ్యూస్టన్ పోర్టు నుంచి డల్లాస్‌కి కంటైనర్లే లాగుతాను, టెక్సాస్ దాటను కాబట్టి ఫెడరల్ కాగితాలు ఇంకేం అక్కర్లేదని నా స్నేహితుడు అంటున్నాడు. ఇంతలో వెంటనే డబ్బు కట్టకపోతే నంబరు రద్దవుతుందని ఉత్తరం వచ్చింది. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఉత్తరం పక్కన పెట్టు. యూఎస్‌డాట్ నంబరుకు ఫీజే లేదు. నంబరు రాగానే మన అడ్రసు పబ్లిక్ రికార్డులో కనిపిస్తుంది. అది చూసి ప్రైవేటు వాళ్లు గవర్నమెంటు కాగితంలా అచ్చేసి పంపుతుంటారు. ఏ బాకీ ఉన్నా ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ సొంత వెబ్‌సైటులో చూసుకున్నాకే కట్టు.

ఇక నీ స్నేహితుడి మాట. ట్రక్కు ఎక్కడ తిరిగిందన్నది ఒక్కటే లెక్క కాదు, సరుకు ప్రయాణం చూస్తారు. ఓడలో విదేశం నుంచి వచ్చిన సరుకు డల్లాస్ గోడౌనుకు పోతుంటే, నువ్వు లాగేది ఆ ప్రయాణంలో చివరి ముక్క. టెక్సాస్ దాటకపోయినా ఫెడరల్ రూల్సు నీకు వర్తిస్తాయి.

ఇతరుల సరుకు కిరాయికి మోస్తావు కాబట్టి నంబరుతో పాటు ఆపరేటింగ్ అథారిటీ, అంటే కిరాయికి మోసే ఫెడరల్ అనుమతి కావాలి. మనవాళ్లు ఎంసీ అంటారే, అదే. ఫీజు 300 డాలర్లు, తిరిగి రాదు. అప్లికేషన్ వివరాలు ప్రకటించాక అభ్యంతరాలకు 10 రోజులు ఆగుతారు. ప్రమాదకరం కాని మామూలు సరుకుకు కనీసం 7,50,000 డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్సు ఉన్నట్టు ఇన్సూరెన్సు కంపెనీయే ఫైల్ చేయాలి. లోడ్లు ఇప్పించే బ్రోకర్లు మాత్రం సాధారణంగా పది లక్షలు అడుగుతారు. బీఓసీ-3 కూడా ఫైల్ కావాలి, అంటే నీ తరఫున కోర్టు కాగితాలు అందుకునే ఏజెంట్ల జాబితా.

మా మొదటి ట్రక్కుకు దెబ్బ ఇక్కడే తగిలింది. మా ఎల్‌ఎల్‌సీ పేరు అప్లికేషన్‌లో ఒకలా, ఇన్సూరెన్సులో ఇంకోలా పడింది. ఏజెంటు సరిచేసేదాకా ట్రక్కు యార్డులోనే ఉంది, లోను కిస్తీ మాత్రం ఆగలేదు. ఆ రోజుల్లో మా ఆయన కదలని ట్రక్కును రోజూ కడిగేవారు. అందుకే చెబుతున్నా, అన్ని కాగితాల్లోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఈ రాత్రే చూసుకో. రికార్డులో అథారిటీ యాక్టివ్ అని పడేదాకా లోడు ఎత్తకు, బ్రోకరు ఎంత తొందరపెట్టినా సరే.

యూసీఆర్, అంటే ట్రక్కు కంపెనీల రిజిస్ట్రేషన్ ఫీజు ఏటా కట్టాలి. 55,000 పౌండ్లు, ఆపైన బరువుకు భారీ వాహనాల పన్ను ఫారం 2290 కూడా ఏటేటా ఉంటుంది. రాష్ట్రం దాటే రోజొస్తే అన్ని రాష్ట్రాల్లో చెల్లే ఐఆర్‌పీ ప్లేట్లు, ఇంధన పన్నుకు ఐఎఫ్‌టీఏ స్టిక్కర్లు తీసుకో.

ఒక్కడివే డ్రైవరువైనా డ్రగ్ టెస్టింగ్ కన్సార్టియంలో, అంటే చాలామంది డ్రైవర్లకు కలిపి టెస్టులు చేయించే బృందంలో చేరాలి. మొదటి ఏడాదిలో వచ్చే సేఫ్టీ ఆడిట్‌లో టెస్టింగ్ ప్రోగ్రామ్ లేదని తేలితే నేరుగా ఫెయిలే. మా ఇంట్లో ఆ కన్సార్టియం రసీదు పెట్టిన ఫోల్డరు ఎవరూ ముట్టుకోరు.

రెండేళ్లకోసారి ఎంసీఎస్-150, అంటే నీ కంపెనీ వివరాల ఫారం అప్‌డేట్ చెయ్యి. యూఎస్‌డాట్ నంబరు చివరి అంకె నెల చెబుతుంది: 1 అయితే జనవరి, 0 అయితే అక్టోబరు. దాని ముందు అంకె బేసి అయితే బేసి సంవత్సరం, సరి అయితే సరి సంవత్సరం. క్యాలెండరులో ఇప్పుడే రాసిపెట్టుకో తమ్ముడూ.