విదేశాలకు డబ్బు ఎలా తీసుకెళ్ళాలి? మా అత్తమ్మ వక్కాకు సంచిని అడగండి

ప్రశ్న: "మొదటిసారి విదేశానికి వెళుతున్నాం. నోట్లు తీసుకెళ్ళాలా, ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు వేయించుకుని వాడే కార్డు) మేలా, మన డెబిట్ కార్డు సరిపోతుందా?"

ఏది తీసుకెళ్ళాలని అందరూ అడుగుతారు. ఎక్కడ పెట్టుకోవాలని ఒక్కరూ అడగరు. దెబ్బ తగిలేది అక్కడే.

మాది తిరుపతి. పల్లెల నుంచి కొండకు వచ్చేవాళ్ళను చిన్నప్పటి నుంచి చూస్తున్నా. జేబులో కొంత, రొండిన కొంత, పిల్లోడి నిక్కరు లోపలి జేబులో ఇంకొంత. ఒక చోటిది పోయినా తిరుగు ప్రయాణానికి బస్సు చార్జీ మిగులుతుంది. ఏ బ్యాంకూ వాళ్ళకు ఇది నేర్పలేదు. అయినా ఇరవై ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్న నేను, ఆ మాత్రం ఇంగితం లేకుండా బ్యాంకాక్ వెళ్ళాను.

2023 మే నెల. నేను, మా ఆవిడ, మా అత్తమ్మ. ఆమెది పాకాల దగ్గర పల్లె. విమానంలోకి ఆకులూ సున్నమూ వద్దమ్మా అంటే వక్కాకు సంచి ఖాళీ చేసింది కానీ, సంచిని మాత్రం వదల్లేదు. చెన్నై ఎయిర్‌పోర్టుకు కారులో పోతూ నగరి దగ్గర టీకి ఆగాం. చూస్తే వెనక సీట్లో ఆ సంచిలోంచి నోట్లు తీసి, వేలు తడి చేసుకుంటూ లెక్కపెడుతోంది. అన్నీ ఐదు వందల నోట్లే. ఇరవై వేలు.

"ఇదేంది అత్తమ్మా, ఇంత డబ్బు?"

"చీటీ డబ్బులు నాయనా. ఇంటికి తాళమేసి వస్తిమి గదా, ఎవురిని నమ్మేది?"

"అక్కడ మన రూపాయలు చెల్లవు."

"చెల్లకపోతే చెల్లకపాయె. నా కాడుంటాయి, అంతే."

నేను నవ్వుకున్నా. నా ఏర్పాట్లు అలాంటివి మరి. డాలర్లు లోడ్ చేసిన ఫారెక్స్ కార్డు, విడిగా 400 డాలర్ల నోట్లు, క్రెడిట్ కార్డు. అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చేతి బ్యాగులో ఉంటే ఎవరైనా కొట్టేస్తారని పెద్ద సూట్‌కేసులో చీరల మధ్య దూర్చి, నంబర్ లాక్ వేశాను. చెన్నైలో ఆ సూట్‌కేసు లగేజీలో వేసి, చేతులు ఊపుకుంటూ విమానం ఎక్కాను.

బ్యాంకాక్‌లో దిగాక అసలు కథ. అప్పట్లో మనవాళ్ళకు అక్కడ దిగాక వీసా ఇచ్చేవాళ్ళు. ఫారం నింపి, ఫొటో అంటించి, తెల్లవారుజామున నిద్రకళ్ళతో లైనులో నిలబడ్డాం. కౌంటర్ దగ్గరకొచ్చాక తెలిసింది, తలకు 2,000 బాట్ కట్టాలి. అదీ నగదుగా, వాళ్ళ డబ్బులోనే. ముగ్గురికీ 6,000.

ఇప్పుడు చూడండి. వీసా కావాలంటే డబ్బు కావాలి. డబ్బు సూట్‌కేసులో ఉంది. సూట్‌కేసు ఇమిగ్రేషన్ (పాస్‌పోర్టు, వీసా తనిఖీ) అవతల బెల్టు మీద తిరుగుతోంది. ఇమిగ్రేషన్ దాటాలంటే వీసా కావాలి.

పర్సులో డెబిట్ కార్డు ఒకటుంది కదా అని ఏటీఎం వెతుక్కుంటూ పోయాను. రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ కార్డు బయటికి తోసేసింది. కారణం తర్వాత తెలిసింది. 2020 అక్టోబర్ నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మామూలుగా మన దేశంలోనే పనిచేస్తాయి. విదేశాల్లో వాడకం కావాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. అందులోనూ ఏటీఎంకు వేరు, షాపులకు వేరు, ఆన్‌లైన్‌కు వేరు. నేను షాపులకు, ఆన్‌లైన్‌కు ఆన్ చేసి ఏటీఎం సంగతి మరిచిపోయాను. తిరుపతి క్షవరం అంటారే, అదే. తిరుపతిలో పుట్టి నా పనిని నేనే అలా చేసుకున్నా.

సరే, ఇప్పుడు ఆన్ చేద్దామని ఎయిర్‌పోర్టు వైఫై పట్టుకుని బ్యాంకు యాప్ తెరిచాను. "మీ సిమ్ నుంచి ఎస్ఎంఎస్ పంపి ధృవీకరిస్తాం" అంది. రోమింగ్ వేయించలేదు. రెండు వేలు దండగ అనుకున్నా. (ఏ బ్యాంకో చెప్పను కానీ, నా డబ్బు నాకివ్వడానికి ఆ యాప్ అడిగే ప్రశ్నలు అప్పిచ్చేటప్పుడు కూడా అడగరు.) మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. అప్పుడే నాకు ఎక్కువ టెన్షన్ పట్టుకుంది.

అత్తమ్మ ఎప్పుడు లేచి వెళ్ళిందో తెలియదు. కాస్త అవతల డబ్బు మార్చే కౌంటర్ ముందు నిలబడి చేయి ఊపుతోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. బోర్డు మీద వరసగా దేశాల జెండాలు, పక్కన అంకెలు.

"నాయనా, మన జెండా ఉండాది సూడు. చెల్లవంటివే!"

ఒక బాట్ అప్పుడు మన లెక్కలో సుమారు 2 రూపాయల 40 పైసలు. అక్కడ మాకు పడింది మూడు రూపాయల పది పైసలు. పద్నాలుగున్నర వేలతో అయిపోయే పనికి పద్దెనిమిదిన్నర వేలు పోశాం. ఇరవై వేలూ ఇచ్చేస్తే 6,450 చేతిలో పెట్టారు. మా ఊళ్ళో కల్యాణకట్టలో గుండు ఉచితం, ఇక్కడ డబ్బిచ్చి మరీ చేయించుకున్నామని నేను ఏడుస్తుంటే, "వీసా వచ్చిందా లేదా?" అంది. వచ్చింది. మేం తిరిగొచ్చిన ఆరు నెలలకే, ఆ నవంబర్‌లో, మనవాళ్ళకు ఆ దేశం వీసా అవసరమే తీసేసింది. మా జాతకం అంతే.

కాబట్టి నా మాట వినండి. ఆ దేశపు నోట్లు కొన్ని ఇక్కడే కొనుక్కోండి, మొదటి రోజు ఖర్చుకు, టాక్సీకి. అవి ఒంటి మీదే ఉండాలి. డాలర్లయినా ఇంకేవైనా, నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే మామూలుగా కొననిస్తారు. మన రూపాయలు 25,000 దాకా వెంట తీసుకెళ్ళవచ్చు. "అక్కడ చెల్లని రూపాయలు ఎందుకు, దండగ" అని అందరూ అంటారు, నేనూ అన్నాను. ఇప్పుడనను.

ఫారెక్స్ కార్డు మంచిదే. కానీ వెళ్ళే దేశపు డబ్బు అందులో లోడ్ చేయించుకోవాలి. నేను డాలర్లు వేయించి బాట్లలో ఖర్చుపెట్టాను కాబట్టి ప్రతిసారీ మార్పిడి చార్జీ పడింది. కార్డు అమ్మినాయన ఈ ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండు కార్డులుంటే రెండూ ఒకే బ్యాంకువి కాకుండా, ఒకే పర్సులో కాకుండా చూసుకోండి.

ఏటీఎంలో చిన్న మొత్తాలు తీయకండి. మేం వెళ్ళినప్పుడు అక్కడ విదేశీ కార్డుకు తీసిన ప్రతిసారీ 220 బాట్ పట్టుకునేవాళ్ళు. వెయ్యి తీసినా అంతే, పది వేలు తీసినా అంతే. క్రెడిట్ కార్డుతో నగదు అసలు తీయొద్దు, ఆ రోజు నుంచే వడ్డీ. దాన్ని హోటల్ డిపాజిట్‌కు వాడండి. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు ఎన్నాళ్ళకు వదులుతారో చెప్పలేం.

ఇంకొకటి. హోటల్లోనో షాపులోనో కార్డు గీకేటప్పుడు మిషన్ "రూపాయల్లో కడతారా, బాట్లలో కడతారా?" అని అడుగుతుంది. రూపాయలు చూడగానే సొంత మనిషి కనబడ్డట్టు ప్రాణం లేచొస్తుంది. నొక్కకండి. ఆ రేటు వాళ్ళిష్టం. ఎప్పుడూ అక్కడి డబ్బులోనే కట్టాలి.

ఫోన్‌పే ఉంటే చాలు కదా అనేవాళ్ళకు ఒక మాట. సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్, నేపాల్, భూటాన్, ఫ్రాన్స్‌లలో యూపీఐ కొన్ని చోట్ల పనిచేస్తోంది. అన్ని షాపుల్లోనూ కాదు. బ్యాంకాక్‌లో కొబ్బరి బోండాల బండి మీద క్యూఆర్ చూసి అలవాటు కొద్దీ ఫోన్ తీశాను. అది వాళ్ళ బ్యాంకులకు పనికొచ్చే క్యూఆర్. బోండాం అప్పటికే కొట్టేసింది ఆ మనిషి. మళ్ళీ అత్తమ్మ సంచే.

తిరిగొచ్చాక ఆమె ఇరవై వేలు ఆమెకిచ్చేశాను. మిగిలిన నోట్లు చెన్నైలో మార్చుకున్నాం. నాణేలు ఎవరూ తీసుకోలేదు, గుప్పెడు మిగిలాయి. వాటిని మళ్ళీ అదే సంచిలో వేసుకుంది. మరుసటి నెల కొండకు వెళ్ళినప్పుడు హుండీ ముందు ఆ సంచి విప్పుతూ నన్నడిగింది, "ఈడ చెల్తాయి గదా నాయనా?"